అవతల వద్దు

పదకొండింటికి వస్తానన్న మనిషి కోసం పదింటికే వచ్చి కూర్చోవడం తాళాల పిన్నికి ఇదే మొదటిసారి. ఇళ్ళు చూపించే పనిలో ఇరవైరెండేళ్ళు గడిపిన మనిషి, వచ్చినవాళ్ళని గుమ్మంలో ఓ పావుగంట నిలబెట్టి, తాళాల గుత్తి గలగలలాడించుకుంటూ వీధి మలుపు తిరిగి, "అయ్యో, చాలాసేపయిందా?" అనడంలో ఉన్న దర్జా బాగా ఎరిగిన మనిషి, ఇవాళ ఖాళీ ఇంట్లో రంగులవాళ్ళు వదిలేసిపోయిన బకెట్టు బోర్లించుకుని, దాని మీద కూర్చుని, గోడకున్న మేకుల వంక చూస్తోంది. ఏడు మేకులు, అందులో మూడు వంకర. ఖాళీ చేసి వెళ్ళినాయన కొలతలు తీసే ఇంజనీరు, పాపం, మేకు మాత్రం ఏనాడూ తిన్నగా కొట్టలేదు. పై వాటాలో సంగీతం పంతులమ్మ దగ్గర ఎవరో పిల్ల ఫిడేలు నేర్చుకుంటోంది. నాలుగు అడుగులు బాగానే వేసి ఐదో అడుగులో గోతిలో పడుతోంది, మళ్ళీ మొదటికొస్తోంది. పిన్నికి సంగీతం రాదు కానీ, ఆ పిల్ల ఈసారైనా దాటుతుందేమోనని ప్రతిసారీ ఊపిరి బిగబట్టి వింటోంది. దాటడం లేదు. పిన్ని అన్నది ఆమె పేరు కాదు, వరసా కాదు. ఆమె కంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు, మొదట్లో ఉక్రోషంగా ఉండేది, తర్వాత అదే వ్యాపారమైపోయింది.

ఇల్లు బాగుంది. ఈ ముక్క ఈ ఇంటి గురించి ఎంతమందికి చెప్పిందో, చెప్పినప్పుడల్లా నిజంగా చూసి చెప్పిందో లేదో. గాలీ వెలుతురూ ధారాళం, అని అలవాటుకొద్దీ పైకే అనేసి, వినేవాళ్ళెవరూ లేకపోయేసరికి నాలుక కరుచుకుంది. ఇవాళ చూపించేదీ తనే, చూసేదీ తనే. వంటింట్లో ఎడమవైపు కొళాయి వదులు. దాని కింద అరచెయ్యి పెట్టి గడగడా మాట్లాడేస్తూ ఉంటే వచ్చినవాళ్ళకి చుక్కల చప్పుడు వినబడదు, ఆ కిటుకు ఆమెదే, మరి ఇప్పుడు ఎవరి చెవులు మూయాలని? పడగ్గది తలుపు వానాకాలంలో ఉబ్బుతుంది, ఆ సంగతి వేసవిలో చూపించేటప్పుడు చెప్పక్కర్లేదు. ఇలాంటివన్నీ తెలిసిన పాపానికి తనని తను మోసం చేసుకునే వీలు కూడా లేకుండా పోయింది. అయినా కొళాయీ వద్దు, తలుపూ వద్దు, ఆమెకి కావలసిందల్లా ఇంటికి మెట్లు లేకపోవడం. గుమ్మం ముందు ఒక్క మెట్టు, అదీ బెత్తెడు. ముందుగదికి రోడ్డు మీదికి పెద్ద కిటికీ. ఆ కిటికీ పక్కన వాళ్ళాయన కుర్చీ వెయ్యచ్చు. ఇక్కడ కాదు, ఇంకొంచెం ఇటు, ఎండ మొహాన కొట్టకుండా.

ఆయన బస్సు కండక్టరు. ముప్ఫయ్యేళ్ళు కదిలే బండిలో నిలబడి టిక్కెట్లు కొట్టిన మోకాళ్ళు రిటైరయిన ఏడాదికే ఇక మావల్ల కాదు అనేశాయి. ఇప్పుడున్నది రెండో అంతస్తు, ముప్ఫైనాలుగు మెట్లు. ఆయన కిందికి దిగి రెండు నెలలయింది. బాల్కనీలో కూర్చుని కింద వెళ్ళేవాళ్ళ నడినెత్తులు చూసి మనుషుల్ని గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. "పాలాయన బట్టతల పోయిన నెలకీ ఈ నెలకీ బాగా పెరిగిందే," అంటాడు, పెద్ద వార్త చదివినట్టు. ఆమె నవ్వుతుంది, నవ్వి లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. రోజుకి వెయ్యి మొహాలు చూసి, చిల్లర లేనివాడెవడో, చిల్లరుండీ లేదనేవాడెవడో మొహం చూసి చెప్పిన మనిషికి ఇవాళ మాడులు తప్ప దిక్కులేదు. ఆయనకి మళ్ళీ మొహాలు కావాలి. పైగా ఆ ఇల్లుగలాయన పాతది కొట్టి కొత్తది కడతానని నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. అంటే ఇంకా పన్నెండు రోజులు. ఊళ్ళో సగం తాళాలు ఆమె గుత్తిలోనే ఉన్నాయి, అందులో ఆమెకంటూ తెరుచుకునేది ఒక్కటీ కనబడటం లేదు.

ఎందుకు కనబడదూ అంటే, ఆమె స్వహస్తాలతో రాసుకున్న పుస్తకం ఉంది, అందుకు. రైలు గేటు ఈ ఊరిని రెండు ముక్కలు చేసింది. రైలు మాత్రం రోజుకి నాలుగుసార్లు వచ్చి పోతుంది, మిగతా సమయమంతా ఆ గీతని జనమే కాపలా కాస్తారు. పిన్ని పనిచేసేది ఇటు పక్క, ఉండేది అటు పక్క. పొద్దున్నే గేటు దాటి వచ్చి, సాయంత్రం గేటు దాటి వెళుతుంది. ఆమెది ఎటు పక్కో ఈ ఇరవైరెండేళ్ళలో ఇటువాళ్ళెవరూ అడగలేదు. చేతిలో ఇన్ని తాళాలున్న మనిషి మనమనిషి కాకపోతే ఎలా, అనుకుని ఉంటారు. ఆమె కూడా పనిగట్టుకుని చెప్పలేదు. చెప్పకపోవడం అబద్ధం కిందికి వస్తుందా రాదా అన్నది తీరికున్నప్పుడు ఆలోచిద్దామనుకుంది, తీరిక దొరకలేదు. పుస్తకంలో ఇటు పక్క ఇళ్ళు నలభై ఒకటి. ఒక్కో ఇంటి ఎదురుగా ఇల్లుగలవాళ్ళ షరతు. కుక్కలు వద్దు. గోడకి మేకులు వద్దు. ముప్ఫైఏడు ఇళ్ళ ఎదుట మాత్రం ఒకటే మాట, ఆమె గుండ్రటి దస్తూరీలో, ముచ్చటగా: అవతల వద్దు. మిగిలిన నాలుగింట్లో మూడు మేడమీదవి, ఒకటి కోర్టులో ఉంది.

అటు పక్కే వెతుక్కోవచ్చుగా అంటే, అక్కడ కిందివాటాలు ఖాళీ ఉంటేనా. ఇటు చోటు దొరకని వాళ్ళంతా అటే వెళ్ళి, గది మీద గది, గది మీద గది వేసుకుంటూ పోయారు. కిందివాటా ఉన్నవాడు చచ్చినా వదలడు. ఇటు దొరకకుండా చేసింది ఎవరు? ఫిడేలు పిల్ల మళ్ళీ గోతిలో పడింది. పిన్ని తాళాల గుత్తిని ఓసారి గలగలలాడించింది. జవాబు చెప్పడం ఇష్టం లేని ప్రశ్న వచ్చినప్పుడు అలా ఆడించడం ఆమెకి అలవాటు, ఎదుటివాళ్ళు అడిగింది మరిచిపోయి తాళాల వంక చూస్తారు. అడిగింది తనే అయినప్పుడు ఆ ఉపాయం పనిచెయ్యదని ఇప్పుడే తెలిసింది.

నిజం చెప్పాలంటే ఇళ్ళు చూడటానికి వచ్చేవాళ్ళలో చెడ్డవాళ్ళు ఆమెకి దాదాపు తగల్లేదు. నీళ్ళెలా వస్తాయి, బడి ఎంత దూరం, బండి పెట్టుకోవడానికి చోటుందా, దోమలున్నాయా. ఈ నాలుగూ గట్టిగా అడుగుతారు. ఐదోది అడిగేటప్పుడు ఎవరికైనా సరే గొంతు దానంతటదే తగ్గిపోతుంది. "చుట్టుపక్కల ఎవరుంటారు పిన్నీ?" ఆమె కూడా అంతే గొంతు తగ్గించి, అంతే నమ్మకంగా, "అంతా మనవాళ్ళే," అంటుంది. ఎవరితోనైనా అదే మాట. ఎవరి మనవాళ్ళు అని ఒక్కరూ అడగరు, మొహం విప్పారుతుంది, అంతే. ఒక ప్లీడరు గారు, "నాకలాంటి పట్టింపులు లేవు పిన్నీ, మా ఆవిడకే కాస్త," అన్నాడు. ఆవిడని అడిగితే, "నాదేముంది, ఇంట్లో ఉండేది అత్తగారు కదా, ఆవిడకే," అంది. ఆ అత్తగారిని కూర్చోబెట్టి అడిగితే, "నాకేం తల్లీ, నిద్ర పట్టక లేచి కూర్చుంటే పలకరించే మనిషుంటే చాలు," అంది. పట్టింపు ఎవరికీ లేదు, అయినా ముగ్గురూ కలిసి నాలుగు వీధులు కాదని, అంతా తమవాళ్ళే ఉన్న ఐదో వీధిలోకే చేరారు. ఇంకొకాయన ఉండేవాడు, బ్యాంకులో, ఇల్లు లోపలికొచ్చి చూసేవాడే కాదు. పక్కింటి దండెం మీద ఆరేసిన బట్టల్ని ఐదు నిమిషాలు అలా చూసి, "వద్దు," అనేవాడు. ఏం చదివేవాడో ఆ లుంగీల్లో. ఒకావిడ మెట్ల దగ్గర నిలబడి ముక్కు ఎగబీల్చి, "ఇక్కడ ఏదో వండుతున్నారే," అంది. ఇళ్ళల్లో వండరూ మరి?

మూడోవీధి సంగతే తీసుకో. తీసుకో అని ఎవరితో అంటోందో, బకెట్టుతోనా. మూడోవీధిలో ఒకప్పుడు అన్ని రకాలవాళ్ళూ ఉండేవాళ్ళు. గడియారాలు బాగుచేసే ఆయన కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు, ఇల్లు ఖాళీ అయింది. పక్కింటివాళ్ళు, "పిన్నీ, మనవాళ్ళనెవరినైనా చూద్దూ, కాస్త తోడుగా ఉంటుంది," అన్నారు. తోడు కావాలనుకోవడం తప్పా? చూసింది. తర్వాత ఎదురిల్లు, ఆ తర్వాత మూల ఇల్లు. ఎవరూ ఎవరినీ వెళ్ళగొట్టలేదు, ఒక్క మాట తూలలేదు, అందరూ ఒకరికొకరు నవ్వుతూ సామాను ఎక్కించడానికి చెయ్యి సాయం కూడా పట్టారు. చివరికి గడియారాలాయన చెల్లెలు తనే వచ్చింది. "పిన్నీ, వీధిలో నేనొక్కదాన్నే అయిపోయాను, గేటు అటు పక్క ఏదైనా చూసిపెట్టు," అంది. చూసిపెట్టింది. ఆ రోజు ఎంత పుణ్యం చేశాననుకుందో తల్చుకుంటే ఇప్పుడు తల కొట్టేసినట్టుంది. పదేళ్ళలో వీధికి వీధి దువ్వెనతో దువ్వినట్టు చక్కగా ఒకవైపుకి పడుకుంది, దువ్వెన పట్టుకున్న చెయ్యి ఎవరిదో ఎవరికీ గుర్తు లేదు.

ఈ ఇంటి ఎదురుగా కూడా అదే మాట రాసి ఉంది. పుస్తకంలో మొట్టమొదటి పేజీ, మొట్టమొదటి ఇల్లు. అప్పట్లో ఆమెకి ఫోన్ లేదు, జిరాక్సు కొట్టు ఆయన ఫోనే ఆమె ఆఫీసు. మాస్టారు ఫోన్ చేశారు. లెక్కల మాస్టారు, కొత్తగా ఇల్లు కట్టుకుని రెండు వాటాలూ అద్దెకిద్దామనుకుంటున్నారు. "ఎవరైనా ఫరవాలేదమ్మా, గేటు అవతలివాళ్ళు మాత్రం వద్దు, వాళ్ళతో నేను పడలేను," అన్నారు, చాలా మర్యాదగా. జిరాక్సు యంత్రం వెలుగు ఒకటే ఇటూ అటూ తిరుగుతోంది. "అలాగే మాస్టారూ," అంది. మొదటి బేరం. ఇంటికెళ్ళి వాళ్ళాయనకి చెప్పి ఏడ్చి, మర్నాడు పుస్తకం కొని, మొదటి పేజీలో రాసుకుంది. మిగిలిన ముప్ఫైఆరు ఇళ్ళవాళ్ళలో సగం మందిని అసలు అడగనే లేదేమో. మొదటాయన అంత పెద్దమనిషే అన్నాక, అందరి లోపలా అదే ఉంటుందిలే అని తనే రాసుకుపోయింది. అయ్యో, ఇది ఇప్పుడు తోచడమేమిటి! నిజంగా ఎంతమంది అన్నారు? పుస్తకం సంచీలోనే ఉంది. తియ్యలేదు. తియ్యాలంటే ధైర్యం కావాలి.

ఇదే గదిలో, ఇదే కిటికీ దగ్గర నర్సు నిలబడింది. మూడేళ్ళయింది. ఆసుపత్రి ఇక్కడికి నాలుగడుగులు, అప్పుడామెకి ఏడో నెల, నడుం పట్టుకుని గదులన్నీ తిరిగి చూసింది. పైన ఫిడేలు మోగుతుంటే, "పుట్టేదానికి ఉచితంగా సంగీతం," అని నవ్వింది. దోమల గురించి అడిగింది, బడి గురించి అడిగింది. ఐదో ప్రశ్న అడగలేదు. పిన్నే అడిగింది, మీరుండేది ఎక్కడమ్మా అని. "గేటు అటు పక్క. మీ వెనక వీధే పిన్నీ మాది, మిమ్మల్ని రోజూ చూస్తాను," అంది. పిన్ని తాళాలు గలగలలాడించి, "అన్నట్టు మరిచేపోయానమ్మా, ఈ ఇల్లు నిన్ననే ఇచ్చేశాం," అంది. నిన్న ఇచ్చేసిన ఇల్లు ఇవాళ చూపించడమేమిటని అడగచ్చు కదా ఆ పిల్ల. అడగలేదు. "సరేలే పిన్నీ," అని నెమ్మదిగా ఆ బెత్తెడు మెట్టు దిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇల్లు నాలుగు నెలలు ఖాళీగా పడి ఉంది. ఇప్పుడు ఆ నర్సే వారానికోసారి ముప్ఫైనాలుగు మెట్లెక్కి వచ్చి ఆయనకి బీపీ చూసి పోతుంది, చంకలో బిడ్డతో. ఆ ఇంటి మాట ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది. ఆమె వచ్చే వేళకి పిన్ని వంటింట్లో ఏదో ఒకటి కడుగుతూ ఉంటుంది, కడిగిందే కడుగుతూ.

వాకిలి గేటు చప్పుడయింది. పిన్ని దిగ్గున లేచింది, బకెట్టు దొర్లింది. రాత్రంతా బట్టీపట్టిన మాటలున్నాయి: మా దూరపు చుట్టాలావిడ కోసం మాస్టారూ, చాలా నెమ్మదైనవాళ్ళు. ఒకసారి సామాను దింపేస్తే ఆ తర్వాత చూసుకోవచ్చు. మాస్టారు బాగా వడిలిపోయారు. కూతురి ఊరికి వెళ్ళి స్థిరపడ్డాక ఈ ఎనిమిదేళ్ళలో మాటలన్నీ ఫోన్లోనే. గోడ తడిమారు, మేకులు చూసి మూలిగారు, కొళాయి కింద వేలు పెట్టి చూశారు. అప్పుడు గొంతు తగ్గించారు.

"ఎవరికమ్మా ఇల్లు? మనవాళ్ళేనా?"

అంతా మనవాళ్ళే మాస్టారూ. నోటి చివర ఉంది. వేలసార్లు వాడి వాడి నున్నబడ్డ మాట, జారిపోవడమే తరువాయి. తాళాలు కూడా ఒకసారి గలగలమన్నాయి. కిటికీ దగ్గర ఎండ కుర్చీ వెయ్యాలనుకున్న చోటికే వచ్చి ఆగింది. ఆ చోటికి వాళ్ళాయన్ని ఇంకొకరి చుట్టం పేరు మీద తెచ్చి కూర్చోబెట్టడం, ఎవరైనా మీదెటు పక్క అనగానే ఆయన కూడా గొంతు తగ్గించడం, ఆ బోళా మనిషి, తల్చుకుంటేనే ఒళ్ళు మండింది.

"నాకే మాస్టారూ. మా ఆయన మెట్లెక్కలేడు. మేముండేది గేటు అవతల. మొదట్నుంచీ అక్కడే. మీరు వద్దన్నవాళ్ళమే."

మాస్టారు ఆమె వంక చూశారు. వంగి బకెట్టు తిన్నగా బోర్లించి దాని మీద కూర్చున్నారు.

"అవతలంటే ఎటు?"

"అదే, అటు." చెయ్యి చూపించింది.

"నేను నీకు ఫోన్ చేసింది ఎక్కడ్నుంచి? అటునుంచే. మా ఇల్లే అటు. ముప్ఫైరెండేళ్ళు అక్కడే ఉన్నాను. నాకు గేటు అవతలంటే," వేలు నేలకేసి పొడిచారు, "ఇదీ!"

పైన ఫిడేలు ఆగింది. పిన్నికి ఒక క్షణం ఇల్లంతా గిర్రున తిరిగి ఇంకో వైపుకి నిలబడ్డట్టయింది. ఇల్లుగలాయన్ని మీరెక్కడుంటారండీ అని అడగడం ఈ వృత్తిలో లేదు, అడిగేది అద్దెకొచ్చేవాళ్ళనే. మాస్టారు చెప్పుకుపోతున్నారు. ఇటు పక్క బళ్ళో పనిచేసే రోజుల్లో ఇటు ఇల్లు కావాలని కాళ్ళరిగేలా తిరిగారట. ఒక్కరూ ఇవ్వలేదట. ఆ పంతం మీదే ఇక్కడ స్థలం కొని కట్టారట. "నాకివ్వనివాళ్ళకి నేనెందుకివ్వాలని చెప్పాను నీకు. నువ్వు ఏరి ఏరి వాళ్ళనే తెచ్చావు!"

"మరి ఒక్కసారైనా అనలేదేం మాస్టారూ?"

"అడగలేదూ? ప్రతిసారీ అడిగాను, మనవాళ్ళేనా అని. మనవాళ్ళే అన్నావు. తీరా చూస్తే వాళ్ళే. ఇటు మనిషివి కదా, నీవాళ్ళ సంగతి చెబుతున్నావనుకుని, నీ మనసెందుకు నొప్పించడమని ఊరుకున్నాను." ఆయన భుజాలు అదురుతుంటే ఏడుస్తున్నారేమోనని భయపడింది. నవ్వుతున్నారు. ఆమెకీ ఆగలేదు. ఇద్దరూ ఖాళీ ఇల్లు మారుమోగేలా, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వారు. లెక్కల మాస్టారు ఇరవైరెండేళ్ళు తప్పు లెక్క మీద సంతకం పెట్టారు, ఆమె దాన్ని ముప్ఫైఆరుసార్లు ఎత్తి రాసింది.

"ఆదివారమే వచ్చెయ్యండి. తాళం నీ దగ్గరే ఉందిగా," అన్నారు లేస్తూ. గుమ్మం దాకా వెళ్ళి, పై వాటా వైపు కళ్ళెత్తి, మళ్ళీ గొంతు తగ్గించారు. "ఆ పంతులమ్మ ఎప్పుడైనా ఖాళీ చేస్తే, ఇకనుంచైనా మనవాళ్ళనే చూడమ్మా."

ఇల్లు దొరికిన సంతోషం గుండెల నిండా ఉంది, అది అబద్ధం కాదు. ఆ సంతోషంలోనే ఎక్కడో చిన్న పలుకు తగిలింది. "మనవాళ్ళంటే ఎటు పక్క నిలబడి చెబుతున్నారు మాస్టారూ?" అంది. "ఇప్పుడు మీరు ఇటు నిలబడ్డారు. ఆదివారం నుంచి నేనూ ఇటే." మాస్టారు ఏదో అనబోయి, అటూ ఇటూ చూసి, "తిక్క ప్రశ్న," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

వాళ్ళాయనకి ఫోన్ చేసింది. మెట్లు లేవని చెప్పింది, కిటికీ రోడ్డు మీదికేనని చెప్పింది, దారిన పోయేవాళ్ళ మొహాలు మొత్తం, గడ్డాలతో సహా కనిపిస్తాయని చెప్పింది. అటునుంచి ముక్కు చీదిన చప్పుడయింది. ఆ తర్వాత ఆ మహానుభావుడు కూడా గొంతు తగ్గించాడు. "అది సరే గానీ, చుట్టుపక్కల ఎవరుంటారే?"

ఆమె నవ్వాలో మొట్టాలో తేల్చుకోకముందే పైన ఫిడేలు మళ్ళీ మొదలైంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అదే గోతిలో దభీమని. ఆయన స్పీకరు పెట్టినట్టున్నాడు, ఫోన్లో ఎవరో పక్కున నవ్వారు. బీపీ చూడటానికి వచ్చిన నర్సు. ఫోన్ ఆమె చేతిలోకి మారింది.

"ఫిడేలు వినబడుతోందే! ఆ కిందివాటాయేనా పిన్నీ? అది మూడేళ్ళ కిందటే ఎవరికో ఇచ్చేశారుగా?"

గొంతులో కోపం లేదు, ఎగతాళి కూడా అంతంతమాత్రమే. చంకలో బిడ్డ ఏదో అంటోంది. పిన్ని చేతిలో తాళాలు వాటంతటవే కదలబోయాయి. వాటిని గట్టిగా పిడికిట పట్టి, చప్పుడు కాకుండా కిటికీ గట్టు మీద పెట్టింది.

"లేదమ్మా," అంది, పై వాటాకి కూడా వినబడేంత గట్టిగా. "ఎవరికీ ఇవ్వలేదు."